కువేటు మాటలు కోతలు కావు

మొన్న కాదు నిన్న కాదు, ఈ పొద్దున చూసిన సంగతి ఇది. తిరుపతి బస్టాండు దగ్గర టీ అంగడిలో తీసిన నలభై సెకన్ల రీల్ ఒకటి మన గ్రూపులన్నింట్లో తిరగతా ఉంది. మీరూ చూసుంటారు. పక్క మందుల షాపులో ఏసీ ఆగిపోయింది. మెకానిక్ పిల్లోడు ప్రెషర్ పంపు పట్టుకుని బయటి యూనిట్ మీద నీళ్లు కొడతా ఉన్నాడు. టీ తాగతా ఉన్న పెద్దాయన లేచి, "బయట నుంచి కొట్టొద్దు నాయనా, లోపలి నుంచి బయటికి కొట్టు. మేము కువేటులో..." అన్నాడు. అంతే. "మేము కువేటులో" అన్న ముక్కను మూడుసార్లు తిప్పి వినిపించి, వెనక నవ్వుల మోత పెట్టినారు. పైన రాత: "కువేటు తాత కోతలు, పార్ట్ 4".

కడుపు మండిపోతా ఉంది. ఆ పెద్దాయన చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు కాబట్టి ఇంకా మండతా ఉంది.

బయటి యూనిట్‌లో ఫ్యాను గాలిని కాయిల్ సందుల్లోంచి లోపలికి లాగి, ముందు గ్రిల్ నుంచి బయటికి తోస్తుంది. అందుకే దుమ్ము పట్టేది కాయిల్ బయటి ముఖానికి. ఆ ముఖం మీదే గట్టిగా నీళ్లు కొడితే పైపైది కడుక్కుపోతుంది, మిగిలింది రేకుల మధ్యకు దిగి బురదై గట్టిపడుతుంది. అల్యూమినియం రేకులు కూడా వంగి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. పైకి తళతళా మెరుస్తుంది, లోపల గాలికి దారి ఉండదు. చేయాల్సింది పెద్దాయన చెప్పిందే. ముందు ఐసోలేటర్, అంటే బయటి యూనిట్ కరెంటు స్విచ్చి, ఆపాలి. ఫ్యాను గ్రిల్ విప్పి, మోటారుకూ కరెంటు డబ్బాకూ ప్లాస్టిక్ కవరు చుట్టాలి. తర్వాత గాలి వచ్చే దారికి ఎదురుగా, లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు పట్టాలి. వంగిన రేకుల్ని రేకు దువ్వెనతో నిలబెట్టాలి.

ఇదంతా చేయకపోతే ఏమవుతుంది? ఆర్-22 గ్యాసున్న పాత ఏసీలో, బయట 35 డిగ్రీలుంటే హెడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాసు ఒత్తిడి, 260, 270 పీఎస్ఐ దగ్గర నిలబడుతుంది. అదే ఏసీ బయట 50 డిగ్రీల్లో 370 దాటుతుంది. కాయిల్ మూసుకుపోతే ఇంకా పైకెక్కి, ఒత్తిడి మితిమీరితే ఏసీని ఆపేసే హై ప్రెషర్ కటౌట్ పడిపోతుంది. గేజీ పెట్టకుండానే "గ్యాసు అయిపోయింది సార్" అని ఇంకో కిలో ఎక్కించే మెకానిక్కులు మన ఊర్లో తక్కువేం లేరు. అప్పటికే పొంగతా ఉన్న కుండకు ఇంకా మంట పెట్టినట్టు! కటౌట్‌ను వైరుతో కలిపేసి పోయేవాడైతే కంప్రెసర్ వైండింగే కాలిపోతుంది. గ్యాసుకు ఇంతని, కంప్రెసర్‌కు ఇంతని డబ్బు కట్టేది షాపాయన.

కువైట్‌లో ఇది ఏడాదికోసారి చేసే పని కాదు. అక్కడ 'తూజ్' అంటారు, దుమ్ము గాలి. అది లేచిందంటే పిండి లాంటి ఎర్ర మట్టి కిటికీ సందుల్లోంచి కూడా వస్తుంది. మర్నాడు మిద్దెల మీదున్న యూనిట్లన్నీ మూసుకుపోయి ఉంటాయి. 2016 జులై 21న కువైట్ ఎడారిలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఏసీ ట్రిప్ అయ్యేది సరిగ్గా ఆ ఐదు గంటల్లోనే. ఇంట్లో పసిబిడ్డ ఉంది, ముసలావిడ ఉందంటే మిద్దె ఎక్కేది ఎవరు? స్పానర్ పది నిమిషాలు ఎండలో పెట్టి పట్టుకుంటే చెయ్యి బొబ్బెక్కుతుంది. అందుకే పనిముట్లన్నీ తడి గోనెసంచి కింద పెట్టుకుంటారు. ఆ పనిలో ఇరవై ఏళ్లు అరగదీసుకున్న మనిషి ఉచితంగా ఒక ముక్క చెప్తే, దాన్ని కత్తిరించి నవ్వుకుంటారా?

సరే, పార్ట్ 2 కూడా వెతికి చూసినాను. అది ఇంకా ఘోరం. వేరే పెద్దాయన, "మేము కువేటు నుంచి బాగ్దాదు మీదుగా జోర్డాన్ పోయి విమానం ఎక్కినాము" అంటాడు. కింద కామెంట్లలో మ్యాపు పెట్టి, "ఇండియా ఇటు పక్క ఉంటే తాత అటు ఎందుకు పోయినాడు" అని ఒకటే ఎగతాళి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. విమానాశ్రయం మూతపడింది. ఎక్కువమందికి మిగిలిన దారి ఇదే: బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి పడమటికి ఎడారి గుండా జోర్డాన్ సరిహద్దు. అక్కడ గుడారాల్లో వరసలో కూర్చుని, అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానం ఎక్కాలి. అట్లా రెండు నెలల్లో లక్షన్నరకు పైగా మనవాళ్లు ఇల్లు చేరినారు. తాత చెప్పిన దారి అక్షరాలా నిజం. మ్యాపు పెట్టినోడికి ఆ రోజు సరిహద్దులు ఎట్లుండినాయో తెలీదు, అడగాలన్న బుద్ధీ పుట్టలేదు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, "జేబులో దినార్లు కాగితాలైపోయినాయి" అని. దానికీ నవ్వినారు. ఇరాక్ వచ్చీ రాగానే కువైట్ దినారును తన దినారుతో సమానమని ప్రకటించింది. రాత్రికి రాత్రి విలువ పడిపోయింది. విడుదలయ్యాక 1991లో కువైట్ కొత్త నోట్లు అచ్చేసి పాతవి రద్దు చేసింది. ఏళ్ల తరబడి దాచిన లెక్క అంతా దిండు కిందే చచ్చిపోయింది. చిత్తూరు సైడు 'లెక్క' అంటే డబ్బే కదా, మనకు చెప్పక్కర్లేదు.

ఒకటి అడగతా. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే వాకింగ్‌కు పోండి. "మా వాడి న్యూజెర్సీ ఇంట్లో బేస్‌మెంట్ ఎంత పెద్దదనుకున్నారు" అని రోజూ చెప్పేవాళ్లు వరసగా కనిపిస్తారు. ఆరు నెలలు కొడుకింట్లో కూర్చుని వచ్చినవాళ్లు. వాళ్ల మీద ఎవరూ రీల్ తీయరు. వాళ్లు 'ఎన్ఆర్ఐ పేరెంట్స్'. ముప్పై ఏళ్లు ఒళ్లు వంచి పని చేసినోళ్లు మాత్రం 'కువేటోళ్లు'. ఒకే పాస్‌పోర్టు, ఒకే సముద్రం దాటినారు, మర్యాదకు మాత్రం రెండు తక్కెళ్లు! పీలేరు, కలికిరి, వాయల్పాడు, రాయచోటి వైపు లేచిన మిద్దెలు ఎవరి లెక్కతో లేచినాయో ఆ ఊర్లలో చిన్న పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు.

మగవాళ్లన్నా టీ అంగట్లో కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుంటారు. కద్దామాలుగా, అంటే అరబ్బుల ఇళ్లల్లో పనిమనుషులుగా, పోయొచ్చిన ఆడవాళ్లకు ఆ పాటి చోటు కూడా లేదు. "ఎవురింట్లోనో అంట్లు తోమినావని పది మందికి చెప్పుకుంటావా, గమ్మునుండు" అని సొంత కొడుకులే నోరు మూయిస్తారు. ఆ అంట్ల లెక్కతోనే కదరా నువ్వు ఇంజనీరింగ్ చదివింది!

అది అంట్ల పని ఒక్కటే అనుకునేవాళ్లకు రొంత చెప్తా. అరబ్బుల ఇంట్లో గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోయడం అంటే ఒక పద్ధతి. మగవాళ్లు కూర్చునే చావడి దివానియాలో మగ పనివాళ్లే పోస్తారు, ఇంట్లోకి ఆడ చుట్టాలొస్తే కద్దామా పోయాలి. దల్లా అనే కాఫీ కూజా ఎడమ చేతిలో, ఫింజాన్ అనే చిన్న గిన్నె కుడి చేతిలో. ఎడమ చేత్తో ఫింజాన్ అందిస్తే తప్పు. ఫింజాన్ నిండా పోస్తే ఇంకా తప్పు, తాగి వెళ్లిపో అన్నట్టు. అడుగున కొంచెమే పోయాలి. తాగినామె ఫింజాన్‌ను అటూ ఇటూ ఊపి ఇస్తే చాలని అర్థం. ఊపకుండా ఇస్తే మళ్లీ పోయాలి. నోటితో ఎవరూ ఏమీ చెప్పరు, చెయ్యి చూసి తెలుసుకోవాలి. భాష రాని దేశంలో, మొదటి వారంలో, వంద కళ్ల ముందర.

వంట సంగతి సరే సరి. మచ్‌బూస్‌కు, అంటే వాళ్ల కోడి అన్నానికి, కోడిని ఉడకేసేటప్పుడు లూమీ వేస్తారు, అంటే ఎండి నల్లబడిన నిమ్మకాయ. దానికి రెండు మూడు చిల్లులు పొడిచి వేయాలి. పగలగొట్టి గింజలతో సహా వేస్తే కుండంతా చేదు. ఆ నీళ్లు వడగట్టి, అరగంట నానిన బాస్మతికి గ్లాసుకు గ్లాసున్నర పోసి అన్నం వండాలి. ఉడికిన కోడిని ఓవెన్‌లో ఎర్రగా కాల్చి పైన పెట్టాలి. పక్కన దక్కూస్, టమాటా వెల్లుల్లి పులుసు లాంటిది. రంజాన్ నెలలో ఇది ముప్పై మందికి చేసి, తెల్లారుజామున సహూర్‌కు మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి. తిరుపతిలో ఈ రోజు అరేబియన్ మందీ హోటల్లో వరసలో నిలబడి తినేవాళ్లకు, ఆ వంట తెలిసిన అవ్వ తన వీధిలోనే ఉందని తెలీదు.

ఈ ఆడవాళ్ల విషయంలో పాత కోపం ఒకటుంది నాకు, దాన్ని దాటిపోలేను. కువైట్‌లో ఇంటిపనివాళ్లకంటూ విడిగా చట్టం వచ్చింది 2015లో, 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, పని ముగిసినాక ఏడాదికి ఒక నెల జీతం లెక్కన సర్వీసు డబ్బు ఇవ్వాలి. కనీస జీతం 60 దినార్లని 2016లో పెట్టినారు. అంతకు ముందు ఇరవై ఏళ్లు చేసి వచ్చినామెకు ఏ కాగితం మీద ఏం అడగాలో కూడా దారి లేదు. కంపెనీ వీసా మీద పోయిన మగవాళ్లకు 2010 కార్మిక చట్టం ఉంది: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, తర్వాత ఏడాదికి ఒక నెల, మొత్తం ఏడాదిన్నర జీతం దాటకుండా. రోజు జీతం కట్టేటప్పుడు నెలను 26తో భాగించాలి. 180 దినార్ల మీద ఇరవై ఏళ్లు చేసినవాడికి మొదటి ఐదేళ్లకు 519, మిగతా పదిహేనుకు 2,700, మొత్తం 3,219 దినార్లు రావాలి. ఈ లెక్క వేసుకోవడం తెలీక ఇచ్చింది పుచ్చుకుని సంతకం పెట్టి వచ్చినోళ్లు ఎంతమందో.

ఆజాద్ వీసా కొనుక్కుని పోయినోళ్లకు అదీ లేదు. కాగితం మీద అరబ్బు ఇంట్లో డ్రైవరు, నిజానికి పని చేసేది బయట గ్యారేజీలో. అకామా, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి, కొట్టించినందుకు ఏటా కఫీల్‌కే, అంటే వీసా ఇచ్చిన అరబ్బుకే, ఎదురు డబ్బు కట్టాలి. గ్యారేజీవాడు "నువ్వు నా మనిషివే కాదు" అంటాడు, కఫీల్ "నా దగ్గర పనే చేయలేదు" అంటాడు. సర్వీసంతా గాల్లో కలిసిపోతుంది. ఇది ఏజెంటుకు తెలుసు. తెలిసే అమ్మినాడు. విజిట్ వీసా మీద దొంగదారిన ఆడవాళ్లను పంపే ఏజెంట్లయితే ఇంకా నీచం. ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే బయటి దేశం పనికి మన సర్కారు ఇచ్చే అనుమతి, తీసి పంపితే ప్రవాసీ భారతీయ బీమా ఉండాల్సిందే. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. లక్షలు గుంజినవాడు ఆ 275 రూపాయల కాగితం కూడా చేతిలో పెట్టడు!

మన దేశం ఏం చేసిందంటారా? 2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని పెట్టినారు. ఏడాదికి 1,000 నుంచి 12,000 దాకా పింఛనుకు దాచుకుంటే సర్కారు వెయ్యి కలుపుతుంది, ఆడవాళ్లకు ఇంకో వెయ్యి. ఊరూరా తిరిగి చెప్పాల్సిన పథకం. చేరినవాళ్లు తక్కువని 2017లో మూసేసినారు. చెప్పకుండా చేరేది ఎట్లా? కేరళలో 1996లోనే ప్రవాసులకు శాఖ పెట్టుకున్నారు, 2008లో సంక్షేమ చట్టం చేసుకున్నారు, నెలనెలా కట్టినవాళ్లకు అరవై దాటితే పింఛను వస్తుంది. అక్కడ గల్ఫు నుంచి వచ్చిన ముసలాయన మాట్లాడితే ఓటున్న మనిషి మాట్లాడినట్టు వింటారు. ఇక్కడ రీల్ తీస్తారు.

రిటైరైన గుమస్తాకు సర్వీసు రిజిస్టరు ఉంటుంది, ఏ తేదీన చేరినాడో ఏ తేదీన దిగినాడో అందులో ఉంటుంది. వీళ్లకు ఉండేది ఈ మాటలు, బీరువాలో చీరల కింద నాలుగు పాత పాస్‌పోర్టులు. 1990 యుద్ధానికి ఐక్యరాజ్యసమితి పరిహారం ఇచ్చినప్పుడు, ఆ ఆగస్టు 2కూ మరుసటి మార్చి 2కూ మధ్య అక్కడి నుంచి బయటపడినట్టు చూపించమన్నారు. ఒంటరి మనిషికి 4,000 డాలర్ల దాకా వచ్చే క్లెయిము అది. ముద్రలున్న పేజీయే అప్పుడు డబ్బు.

కాబట్టి ఆ రీళ్లు తీసే పిల్లోళ్లకు చెప్తున్నా. నాలుగూ తీసేయండి. తీసేసి ఇంటికి పోయి మీ తాత పాత పాస్‌పోర్టులు అడగండి. వీసా పేజీ, రాకపోకల ముద్రలున్న ప్రతి పేజీ, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) రెండు వైపులా, ఇజన్ అమల్ (పని అనుమతి) కాగితం ఉంటే అది, అన్నీ పగటి వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా ఫొటో తీయండి. ఫ్లాష్ వేస్తే లామినేషన్ మీద మెరుపు పడి నంబర్లు కనపడవు. పాత ముద్రల సిరా పాలిపోతా ఉంటుంది, ఇంకో నాలుగేళ్లకు చదవలేరు. అవ్వ పాస్‌పోర్టు కూడా అడగండి. లేదంటుంది మొదట. రెండోసారి అడగండి.