అటెస్ట్ చేసిన మిర్చి బజ్జీ

మొన్న శనివారం సాయంత్రం మా కాలనీ మలుపులో నాలుగు మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికొచ్చా. మూడోది తీస్తే అడుగునుంచి ఒక పెద్దాయన నావైపే చూస్తున్నాడు. పాస్‌పోర్ట్ సైజు ఫొటో. నూనె పీల్చి మొహం కాస్త నిగనిగలాడుతోంది గానీ మిగతావన్నీ శుభ్రంగా చదవొచ్చు, పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు, పన్నెండంకెల ఆధార్, పాన్, జీతం ఎంత, అప్పు ఎంత కావాలి, ఎందుకు కావాలి (అమ్మాయి పెళ్లి). కింద ‘ఒరిజినల్‌తో సరిచూశాను’ అని ఒక ఆఫీసరు గారి సంతకం, గుండ్రటి స్టాంపు. అంటే నేను తిన్నది మామూలు బజ్జీ కాదన్నమాట, అటెస్ట్ చేసిన బజ్జీ.

ఇవే కాగితాలు మన దగ్గర తీసుకునేటప్పుడు లోన్లిచ్చే ఆఫీసుల వాళ్ల నిష్ఠ చూడాలి. మూడు సెట్లు, ప్రతి పేజీలో ఫొటో మీద సగం పేపర్ మీద సగం పడేలా సంతకం, జిరాక్స్ నల్లగా వచ్చింది మళ్లీ తీయించుకు రండి. నాలాంటి అతితెలివిగాడు ఎవడైనా మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ పట్టుకెళ్తే కౌంటర్లో కుర్రాడు జాలిగా చూసి “ఇది చెల్లదు సార్, నంబర్ ఫుల్లుగా కనబడాలి” అంటాడు. ఎవరికి కనబడాలో అప్పుడు అడగలేదు. బజ్జీల అక్కకి అని ఇప్పుడు తెలిసింది.

ఆదివారం వెళ్లి ఈ పేపర్లెక్కడివి అక్కా అనడిగా. ఆవిడ బాణలి మీంచి కళ్లు తిప్పకుండా “పాతపేపర్ల కొట్లో కిలోల్లెక్క తెస్తా” అని, అడక్కుండానే క్లాసు పీకింది. పరీక్ష పేపర్లు పల్చన, నూనె కారిపోద్ది. న్యూస్ పేపర్లో కట్టొద్దని ఫుడ్ వాళ్లు గొడవ (నిజమే, 2018 ప్యాకేజింగ్ రూల్స్‌లోనే వద్దన్నారు). హాస్పిటల్ రిపోర్టులు దళసరే గానీ కస్టమర్లు చదువుతూ నించుంటారు, ఒకాయనైతే ఎవరిదో షుగర్ రిపోర్ట్ చూసి పునుగులు వెనక్కిచ్చేశాడట. “లోను పేపరే బెస్టు బాబూ, ఒకపక్కే ప్రింటు, గట్టిగుంటది” అని ఇంకా విప్పని కట్ట చూపించింది, ఫైలు ట్యాగుతో సహా. ‘కాన్ఫిడెన్షియల్’ అని ఎర్రగా కొట్టిన అట్ట మాత్రం ఉల్లిపాయల గిన్నె మీద మూతగా పెట్టుకుంది. ఒక్క ఈగ వాలట్లేదు. ఉద్యోగంలో చేరాక ఆ అట్ట దేన్నైనా కాపాడటం అదే మొదటిసారి అయ్యుంటుంది.

అలాంటి ఆఫీసుల్లో ష్రెడర్, అదే కాగితాల్ని పీలికలు చేసే మిషను, ఉండదనుకునేరు. ఉంటుంది. మా ఫ్రెండ్ వాళ్ల ఆఫీసులో దసరాకి దానికి పసుపు, బొట్టు, నిమ్మకాయ, ఆయుధపూజ అన్నీ జరుగుతాయి, మిగతా రోజులు దానిమీద వాటర్ క్యాన్ ఉంటుంది. ఒకసారి ప్లగ్ పెడితే స్టేప్లర్ పిన్ ఇరుక్కుందట, అప్పట్నుంచి విశ్రాంతి. అదీ నిలువు పీలికలు చేసే రకం. 1979లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్లు సీక్రెట్ కాగితాలు అలాగే పీలికలు చేస్తే, ఇరాన్ వాళ్లు తివాచీలు నేసేవాళ్లని కూర్చోబెట్టి అతికించి పుస్తకాలే వేశారు. మన దగ్గర తివాచీ నేసేవాళ్లు ఏం పాపం చేశారో, వాళ్లకి పని కల్పించే ఉద్దేశమే లేదు ఎవరికీ.

పారేసే పాత కంప్యూటర్ల సంగతి అడిగితే “ఫార్మాట్ కొట్టేశాం సార్” అంటారు. ఊరికే క్విక్ ఫార్మాట్ కొడితే విషయసూచిక చించేసి పుస్తకం తగలబెట్టాం అన్నట్టు, పేజీలన్నీ లోపలే ఉంటాయి. ఆఫీసు జిరాక్స్ మిషన్లో కూడా హార్డ్‌డిస్క్ ఉండొచ్చని చెప్తే నవ్వుతారు. అమెరికాలో పెద్ద బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ అంతటోళ్లే పాత డిస్కులు వదిలించుకునే పని సామాన్లు మోసే కంపెనీకి అప్పజెప్పి, డిస్కులు డేటాతో సహా ఆన్‌లైన్ వేలంలో తేలితే 2022లో మూడున్నర కోట్ల డాలర్లు ఫైన్ కట్టారు. మనకేమో వీధిలోకే మైకు బండి వస్తుంది, పాత సెల్‌ఫోన్లకి ప్లాస్టిక్ టబ్బులు అని. 2024లో గోదావరిఖనిలో దాదాపు 4,000 పాత ఫోన్లు దొరికాయి గోనెసంచుల్లో, సైబర్ మోసాలకి తరలిస్తున్నారని పోలీసులు చెప్పారు. టబ్బు మాత్రం గట్టిదే లెండి.

అక్క చూపించిన కట్టలో పైనుంచి రెండో కాగితం మీద సంతకం లేదు. వేలిముద్ర ఉంది. నీలం ఇంకు, గీతలన్నీ లెక్కపెట్టొచ్చు, పక్కనే ఆధార్ నంబరు, బ్యాంకు పేరు. డ్వాక్రా లోను, ఎవరో ముసలావిడ. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకడు రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ల మీది వేలిముద్రల్నుంచి నకిలీ వేళ్లు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత అదే విద్యతో అకౌంట్లలో డబ్బులు లాగిన కేసులూ వచ్చాయి, వేలు, ఆధార్, బ్యాంకు పేరు ఉంటే చాలు, ఓటీపీ కూడా అక్కర్లేదు. రేపు ఆవిడ పెన్షన్ మాయమైతే ఇదే కౌంటర్ దగ్గర నించోబెట్టి “నువ్వే ఎవరికో ఓటీపీ చెప్పుంటావ్ మామ్మా” అంటారు, ఆవిడకి ఫోనే లేకపోయినా సరే. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ఆవిడ వేలు ఎక్కణ్నుంచి మార్చుకుంటుందిరా? కిలోకి పన్నెండు రూపాయలకి కక్కుర్తిపడి అమ్మేశారే, ఆ కాగితాలు మీ బాబువా?

సోమవారం ఆ లోను పేపర్ల తాలూకు ఆఫీసుకి వెళ్లా. మేనేజర్ గారు మర్యాదస్తులు, టీ తెప్పించారు. చట్టం ఉంది కదా సార్, 250 కోట్ల దాకా జరిమానా కదా అంటే ఆయన చల్లగా, అది 2023 డిజిటల్ డేటా చట్టమండీ, కాగితంగా తీసుకుని కాగితంగానే ఉంచేస్తే వర్తించదు అన్నారు. నాకు కోపం తెప్పించిందేంటంటే ఆ మాట కరెక్టే. అయినా మేం కాంట్రాక్టర్‌కిచ్చాం, ధ్వంసం చేసినట్టు సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు అన్నారు. చూపించమన్నా. అది కాన్ఫిడెన్షియల్ అట.

సరే కంప్లైంట్ రాసిస్తా అన్నా. తప్పకుండా సార్, ఆధార్ జిరాక్స్ రెండు సెట్లు జతచేయండి, నంబర్ ఫుల్లుగా కనబడాలి అన్నారు.