ఇల్లు చూసుకోవడం అనే మహత్తర బాధ్యత

తెనాలిలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి నెలనెలా జీతం ఇస్తాం, దసరాకి మామూలు ఇస్తాం, సెల్లార్లో ఒక గది కూడా ఇస్తాం. అదే పని జర్మనీలో చేయడానికి నేను నా డబ్బుతో విమానం టికెట్ కొనుక్కుని, వీసా కోసం వేలిముద్రలు వేసి, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపించి మరీ వెళ్లాను. దీన్నే హౌస్ సిట్టింగ్ అంటారు. ఇంటివాళ్లు ఎక్కడికైనా వెళ్తే వాళ్లింట్లో మనం అద్దె లేకుండా ఉండొచ్చు, బదులుగా పిల్లినీ మొక్కల్నీ చూసుకోవాలి. పేరులో సిట్టింగ్ ఉందిగానీ ఆ ఇంట్లో కూర్చునేది మాత్రం పిల్లే.

మా అమ్మ పక్కింటావిడతో "మావాడు జర్మనీలో ఇల్లు చూసుకుంటున్నాడు" అంది, అందులో అబద్ధం ఏమీ లేదు, కానీ సాయంత్రానికి నేను ఇల్లు కొన్నానని కాలనీ అంతా తెలిసిపోయింది, రాత్రికల్లా రెండు సంబంధాలు కూడా వచ్చాయి.

ఊరు ఫ్రైబుర్గ్, బ్లాక్ ఫారెస్ట్ అంచున ఉంటుంది. నేను దిగింది ఆదివారం. ఆదివారం అక్కడ షాపులు మూసేస్తారని చిన్నప్పటి నుంచీ అందరూ చెప్పారు, ఎవరు నమ్ముతారు, ఎక్కడో ఒక కిరాణా కొట్టు సగం షట్టర్ దించుకుని ఉండదా అనుకున్నా. లేదు. ఫ్రిజ్‌లో పిల్లికి 30 డబ్బాలు, నాకు ఒక నిమ్మకాయ.

అదృష్టం, అమ్మ సూట్‌కేసులో కుక్కరూ కందిపప్పూ పెట్టింది. మూడో విజిల్‌కి తలుపు కొట్టారు. పై అంతస్తు పెద్దావిడ. ఆవిడ "జోన్‌టాగ్" అంది. అంటే ఆదివారం. అంతే, ఇంకో మాట లేదు, తిట్టినా బాగుండేది. ఆదివారం అక్కడ గోడకి మేకు కూడా కొట్టరట, మనకేమో ఆదివారం ఉండేదే మేకులు కొట్టుకోవడానికి.

ఇక చెత్త. ఇంటివాళ్లు 14 పేజీల నోట్ రాసి పెట్టారు, అందులో ఇంటి గురించి ఒక పేజీ, పిల్లి గురించి నాలుగు, మిగతా తొమ్మిదీ చెత్త గురించే. కాగితాలు ఒకచోట, కూరగాయల తొక్కలు ఇంకోచోట, ప్లాస్టిక్ ప్యాకింగ్ పసుపు సంచిలో. గాజు సీసాలు వీధి చివర డబ్బాల్లో తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమవి విడివిడిగా వేయాలి, అదీ ఆదివారం కాదు. నీలం సీసా ఎందులో వేయాలో తెలీక దాన్ని చంటిపిల్లాడిలా చంకనేసుకుని 10 నిమిషాలు నిలబడ్డా, ఆకుపచ్చ దాంట్లో వేయాలట. ఎంసెట్ కౌన్సెలింగ్ దీనికంటే సులువు.

ఖాళీ ప్లాస్టిక్ సీసా సూపర్‌మార్కెట్ మిషన్లో వేస్తే, కొన్నప్పుడు డిపాజిట్‌గా తీసుకున్న 25 సెంట్లు తిరిగిస్తారు. మన నీళ్ల సీసా మీద తాగాక నలిపేయమని రాసుంటుంది కదా, పుట్టి బుద్ధెరిగాక నేను పాటించిన ఒకే ఒక్క రూల్ అది, వారం పాటు శ్రద్ధగా నలిపి పట్టుకెళ్తే మిషన్ ఒక్కటీ తీసుకోలేదు.

పాత ఊరి వీధుల పక్కన బెష్లే అని సన్నని నీటి కాలవలు పారుతుంటాయి, పొరపాటున అందులో కాలు పడితే ఆ ఊరివాళ్లనే పెళ్లాడతారని నమ్మకం. నాకు చెప్పుతో సహా పడింది. పెద్దావిడ చూసింది, మొదటిసారి నవ్వింది. నవ్వి వెళ్లిపోయింది, పెళ్లి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మూడు వారాలయ్యాక ఇంటివాళ్లు వచ్చారు, పిల్లి బరువు చూసుకున్నారు, పసుపు సంచి విప్పి చూసుకున్నారు, తృప్తిపడ్డారు. నేను తెనాలి వచ్చిన మర్నాడే మా బాబాయ్ ఫోను.

"ఏరా, ఖాళీ చేసేశావంట, ఎంతకమ్మావ్?"