సవరణ: ఆ బీపీ మాత్రలో పాము విషం ఉండదు

పాముల మీద రాసిన కిందటి పోస్టులో "క్యాప్టోప్రిల్ మాత్రను పాము విషంతో చేస్తారు" అని ఉంది. అది సరికాదు. ఆ మాత్రలో విషం చుక్క కూడా ఉండదు, పూర్తిగా ల్యాబులో తయారైన మందు.

దారి చూపింది మాత్రం పామే. బ్రెజిల్‌లో జరారాకా పాము కాటేస్తే బీపీ బాగా పడిపోతుంది. 1960లలో సెర్జియో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఆ విషంలో కొన్ని పెప్టైడ్‌లను (ప్రోటీన్‌లాంటి చిన్న ముక్కలను) కనిపెట్టారు. రక్తనాళాలు బిగుసుకోవడానికి కారణమయ్యే ఏసీఈ ఎంజైమ్‌ను అవి అడ్డుకుంటాయి. అయితే పెప్టైడ్‌ను మింగితే కడుపులోనే అరిగిపోతుంది. అందుకే అదే పని చేసే చిన్న అణువును తయారుచేశారు, అదే క్యాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది.

విషం ఉందన్న భయంతో ఎవరైనా మాత్ర మానేస్తారేమోనని నా టెన్షన్. డాక్టరును అడగకుండా దయచేసి మానకండి.

నిజంగా విషం కావలసింది యాంటీవీనమ్ (పాము కాటుకు ఇచ్చే విరుగుడు మందు) తయారీకి. గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి యాంటీబాడీలను తీస్తారు.