కెమెరా మీద వేలు పెడితే బీపీ తెలియదు

మా కుటుంబం గ్రూపులో ఈ మధ్య మూడోసారి అదే మెసేజ్ వచ్చింది. పచ్చ టిక్కులు, దండం బొమ్మలు, చివర్లో పది మందికి పంపి పుణ్యం కట్టుకోమన్న మాట. దాని సారాంశం ఇదీ: ఫలానా యాప్ వేసుకుని ఫోన్ వెనక కెమెరా మీద వేలు పెడితే అర నిమిషంలో బీపీ, ఆక్సిజన్, షుగర్ అన్నీ తెలిసిపోతాయట. మిషన్లు కొనక్కర్లేదు, ల్యాబులకు వెళ్లక్కర్లేదు. యాప్‌లో ఉన్న ఏఐ డాక్టరే మందులు కూడా చెబుతుందట. ప్లే స్టోర్‌లో ఉంది కాబట్టి ప్రభుత్వం ఒప్పుకున్నట్టేనట. పైగా పూర్తిగా ఉచితం.

మొదటి రెండుసార్లు చూసి వదిలేశాను. మూడోసారి వదల్లేకపోయాను. ఈలోగా మా నాన్న ఆ యాప్ వేసుకున్నారు.

నాన్నకు పదకొండేళ్లుగా బీపీ ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్తే బీపీ మిషన్ అలమరా పై అరలో, బ్యాటరీలు తీసేసి కనిపించింది. "ఇంకా అదెందుకమ్మా, ఫోన్లోనే వస్తోందిగా" అన్నారు. చూపించమన్నాను. వేలు పెట్టారు. 118/76. మిషన్‌లో బ్యాటరీలు వేసి, ఆయన్ని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి చూస్తే 164/98. కాసేపాగి మళ్లీ చూసినా 160 దగ్గరే. అప్పుడు వంటింట్లోంచి సగం కోసిన టమాటా తెచ్చి కెమెరా మీద పెట్టాను. 121/79 చూపించింది. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఫోన్లో అంకె బాగుందని రెండు వారాలుగా రాత్రి మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని అమ్మ తర్వాత చెప్పింది.

అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"వేలు పెడితే బీపీ వస్తుంది"

ఫోన్‌కు నిజంగా చేతనైన పని ఒకటుంది, ముందు అది ఒప్పుకోవాలి. ఫ్లాష్ వెలుతురు వేలిలోకి వెళ్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలోకి రక్తం కాస్త ఎక్కువగా వస్తుంది, అప్పుడు కెమెరాకు తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెడితే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలుస్తుంది. వేలు కదపకుండా ఉంటే ఈ లెక్క చాలావరకు సరిగ్గానే వస్తుంది.

కానీ నాడి వేరు, బీపీ వేరు. పొలంలో మోటారు చప్పుడు విని అది నడుస్తోందో, ఆగి ఆగి నడుస్తోందో గట్టు మీద నుంచే చెప్పొచ్చు. పైపులో నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయో తెలియాలంటే మాత్రం దగ్గరికెళ్లి చెయ్యి అడ్డం పెట్టాల్సిందే. బీపీ మిషన్ చేసేది ఆ పనే. పట్టీలో గాలి నింపి, చేతిలో రక్తనాళాన్ని రక్తం ఆగేదాకా నొక్కుతుంది. తర్వాత మెల్లగా వదులుతూ, నాళం అదిరే తీరును బట్టి పై అంకె, కింది అంకె తేలుస్తుంది. నొక్కే సాధనమే లేని ఫోన్‌కు ఆ అంకె ఎక్కడినుంచి వస్తుంది? నాన్న వేసుకున్న యాప్ మొదట్లోనే వయసు, ఎత్తు, బరువు అడిగింది. అలాంటి మనిషికి మామూలుగా ఎంత ఉంటుందో అంచనా కట్టి చూపించడానికి ఆ మూడూ చాలు. టమాటాకు కూడా అదే అంచనా వచ్చిందని నా అనుమానం.

ఇది కొత్త మోసం కూడా కాదు. అమెరికాలో 'ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్' అనే యాప్ ఉండేది. ఫోన్‌ను ఛాతీకి ఆనించి, కెమెరా మీద వేలు పెడితే బీపీ చెబుతానంది. 2014 జూన్ నుంచి 2015 జూలై దాకా లక్షకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి, అదీ డబ్బులిచ్చి కొన్నవి. అక్కడి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని అసలు మిషన్‌తో పోల్చి చూశారు. బీపీ నిజంగా ఎక్కువగా ఉన్నవాళ్లలో ప్రతి పదిమందికీ దాదాపు ఎనిమిదిమందికి ఆ యాప్ 'బాగానే ఉంది' అని చూపించింది. 2016 డిసెంబరులో, వినియోగదారుల్ని మోసం చేసే కంపెనీల పని పట్టే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది.

ఎక్కువగా ఉన్నవాళ్లకే తక్కువ చూపిస్తుందన్నది అందరికంటే ముందు మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలియాలి. బీపీకి నొప్పి ఉండదు. ఒంట్లో ఏమీ తెలియదు. అంకె ఒక్కటే మనకున్న హెచ్చరిక, అదే అబద్ధమైతే మాత్ర ఆగిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. అంటే ఆ మెసేజ్ పడిన ఏ గ్రూపులోనైనా ముగ్గురిలో ఒకరికి అది నేరుగా తగిలే మాట.

"మరి వాచీల్లో వస్తోంది కదా" అని మా తమ్ముడు అడిగాడు. శాంసంగ్ వాచీలో బీపీ చూసే ఏర్పాటు కొన్ని దేశాల్లో ఉన్న మాట నిజమే. కానీ దాన్ని ప్రతి 28 రోజులకోసారి చేతికి పట్టీ కట్టే మామూలు మిషన్‌తో సరిచూసుకోవాలని ఆ కంపెనీయే చెబుతోంది. అంటే వాచీ ఉన్నా మిషన్ తప్పదు.

"ఆక్సిజన్ కూడా చూపిస్తుంది"

కోవిడ్ రెండో అల నాటి 2021 ఏప్రిల్, మే నెలలు మర్చిపోయినవాళ్లు ఉండరు. 94 అనే అంకె ఇంటింటా తెలిసిన రోజులవి. ఆక్సీమీటర్లు దొరక్క, దొరికినా మూడింతల రేటు పెట్టలేక జనం ఇలాంటి యాప్‌ల మీద పడ్డారు. దానికి ముందే, 2020లోనే, సైబర్ మోసాల గురించి జనాన్ని అప్రమత్తం చేసే కేంద్ర హోంశాఖ విభాగం సైబర్ దోస్త్ ఈ నకిలీ ఆక్సీమీటర్ యాప్‌లు ఫోన్‌లోని వ్యక్తిగత, బయోమెట్రిక్ సమాచారాన్ని కొట్టేయొచ్చని హెచ్చరించింది.

అసలు ఆక్సీమీటర్ ఎలా పని చేస్తుందో తెలిస్తే ఫోన్ ఎందుకు చేయలేదో అర్థమవుతుంది. వేలికి పెట్టే ఆ క్లిప్పులో రెండు రకాల వెలుతురు ఉంటుంది. ఒకటి మనకు కనిపించే ఎరుపు, సుమారు 660 నానోమీటర్లు. రెండోది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్, సుమారు 940. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండింటినీ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. ఆ తేడా నుంచే శాతం లెక్క తేలుతుంది. జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి 1970లలో కనిపెట్టిన కిటుకు ఇది. ఫోన్ ఫ్లాష్ ఇచ్చేది తెల్లటి వెలుతురు మాత్రమే. పైగా ఫొటోల్లో రంగులు చెడకుండా మామూలు కెమెరా ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేసే ఫిల్టర్ ఉంటుంది.

పరిశోధనలు జరగడం లేదని కాదు. 2022లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫోన్ కెమెరాతో ఆక్సిజన్ తగ్గడాన్ని పట్టుకునే ప్రయత్నం చేశారు. ఆరుగురి మీద చూస్తే, ఆక్సిజన్ తక్కువగా ఉందా లేదా అన్నది 80 శాతం సార్లు సరిగ్గా చెప్పగలిగింది. ముందు ముందు పనికొస్తుందేమో. కానీ ఐదింట ఒకసారి తప్పయ్యే దాన్ని నమ్మి, ఆయాసపడుతున్న మనిషిని ఇంట్లో ఉంచుకోగలమా?

"షుగర్‌కు సూది అక్కర్లేదు"

ఇక్కడ చెప్పాల్సింది కొంచెమే. గ్లూకోమీటర్ స్ట్రిప్ మీద ఒక ఎంజైమ్ ఉంటుంది. రక్తపు చుక్కలోని గ్లూకోజ్‌తో అది కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంటును మిషన్ కొలుస్తుంది. చుక్క లేనిదే ఆ లెక్క లేదు. చర్మానికి గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దనీ, అలాంటి ఒక్కదానికి కూడా తాము అనుమతి ఇవ్వలేదనీ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా చెప్పింది.

"మా ఫ్రెండ్‌కు ఫోన్లోనే షుగర్ కనిపిస్తుంది" అనేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. వాళ్ల జబ్బకు రూపాయి బిళ్లంత సెన్సర్ అతికించి ఉంటుంది. దాని సన్నటి పోగు చర్మం కింద ఉండి కొలుస్తుంది, ఫోన్ ఆ అంకెను చూపిస్తుంది, అంతే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ తేడా తెలియక కెమెరా అంకె చూసి డోసు మార్చుకుంటే, షుగర్ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

"ఏఐ డాక్టరే మందులు చెబుతుంది"

మన దేశంలో దీనికి రాతపూర్వకంగా జవాబు ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఫోన్లో, వీడియోలో వైద్యం చేయడానికి దారి తెరిచాయి. అదే పత్రంలో, ఏఐ లాంటి సాంకేతికతతో నడిచే వేదికలు రోగికి సలహా ఇవ్వకూడదనీ, మందులు రాయకూడదనీ ఉంది. డాక్టరుకు అది సాయం చేయొచ్చు, మందుల చీటీ మాత్రం రిజిస్టరైన డాక్టరే రాయాలి. ఆ చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. డాక్టరే అయినా ఫోన్లో అన్నీ రాయలేరు. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి ఎలా మాట్లాడినా రాయొచ్చు. కొన్ని మందులు మొదటిసారైతే వీడియోలో చూసే రాయాలి. గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తు మందులు అసలు రాయకూడదు. చీటీలో డాక్టరు పేరు, నంబరు లేకపోతే ఆ మందు కొనకండి.

"ప్లే స్టోర్‌లో ఉంది, ఉచితం"

ప్లే స్టోర్ ఒక దుకాణం. అక్కడ ఉన్నంత మాత్రాన ఎవరో పరీక్షించి పాస్ చేసినట్టు కాదు. రోగం తేల్చడానికి, వైద్యానికి ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో మెడికల్ డివైజ్ కిందికే వస్తుంది. దానికి అనుమతి ఇవ్వాల్సింది ఔషధ నియంత్రణ సంస్థ. నాన్న వేసుకున్న యాప్ పేజీని చివరిదాకా కిందికి లాగి చూస్తే, సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో 'వినోదం కోసం మాత్రమే, వైద్య అవసరాలకు కాదు' అని వాళ్లే రాసుకున్నారు. ఆ లైను చదివి వినిపించినప్పుడు నాన్న ముఖం చిన్నబోయింది. తెలుగులో మెసేజ్ పంపి నమ్మించడం, ఇంగ్లిష్‌లో చేతులు దులుపుకోవడం. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఇక ఉచితం సంగతి. వేలు చూడ్డానికి కెమెరా చాలు. మరి కాంటాక్టులు, ఫొటోలు, లొకేషన్ ఎందుకు అడిగినట్టు? ఎవరికి ఏ జబ్బు ఉందన్నది అమ్ముకోదగ్గ సమాచారం. అమెరికాలో మందుల ధరల్లో తగ్గింపు ఇప్పించే పేరున్న కంపెనీ గుడ్‌ఆర్‌ఎక్స్ మీదే, వాడేవాళ్ల ఆరోగ్య వివరాలు ఫేస్‌బుక్, గూగుల్‌లకు చేరవేసిందన్న ఆరోపణపై 2023లో ఆ ఫెడరల్ ట్రేడ్ కమిషనే చర్య తీసుకుంటే, 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

"అయితే ఈ యాప్‌లన్నీ దండగేనా అమ్మాయ్?"

ఇది మెసేజ్‌లోది కాదు, నాన్న అడిగింది. దండగ కాదు. కొలిచిన అంకెను గుర్తుపెట్టుకోవడం, దూరంగా ఉన్న డాక్టరుకు చేర్చడం, మాత్ర వేళకు గుర్తుచేయడం ఫోన్ బాగా చేస్తుంది. 2019లో మొదలైన ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనినే చూడండి. ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో, తెలంగాణలో అయితే పల్లె దవాఖానాలో, అక్కడి సిబ్బంది ముందు మిషన్‌తోనే బీపీ చూస్తారు, తర్వాత వీడియోలో డాక్టరుతో మాట్లాడిస్తారు. స్పెషలిస్టు కోసం బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లి, కూలి పోగొట్టుకునే మనిషికి అదెంత మేలో వేరే చెప్పాలా? పంజాబ్, మహారాష్ట్ర ప్రభుత్వాసుపత్రుల్లో నర్సులు 'సింపుల్' అనే యాప్‌లో బీపీ రోగుల అంకెలు ఎక్కిస్తున్నారు. ఎవరు మందులకు రాలేదో అది జాబితా తీసి ఇస్తుంది, వాళ్లకు ఫోన్ చేసి పిలుస్తారు. పెద్దాసుపత్రుల్లో ఓపీ కౌంటర్ దగ్గర ఆభా (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది, పేరు, వయసు చెప్పడానికి పొడుగాటి లైన్లో నిలబడక్కర్లేదు.

నాన్న ఇప్పుడు రోజూ పొద్దున, రాత్రి పట్టీ కట్టుకుని చూసుకుంటున్నారు. మిషన్ మీద అంకెను ఫొటో తీసి ఫోన్లో దాచుకుంటున్నారు. మూడు వారాల ఫొటోలు డాక్టరుగారికి చూపిస్తే, పొద్దున అంకెలే ఎక్కువగా ఉన్నాయని గమనించి మందు మార్చారు.

నిన్న గ్రూపులో ఆ మెసేజ్ నాలుగోసారి వచ్చింది, ఈసారి పెదనాన్న దగ్గర్నుంచి. నేను టైప్ చేయడం మొదలుపెట్టేలోపే నాన్న దాని కింద రెండు ఫొటోలు పెట్టారు. ఒకదాంట్లో ఆయన చేతికి పట్టీ, మిషన్ మీద 138/84. రెండోది ఆ రోజు నేను తీసింది: టమాటా మీద ఫోన్, 121/79. కింద ఒకే లైను రాశారు. "అన్నయ్యా, నువ్వు మాత్ర మానలేదు కదా?"