సీట్ల కంటే ముందు ఆట స్థలాలు

పెద్ద మ్యాచ్‌కు టికెట్లు దొరకక వేలమంది వెనుదిరిగిన ప్రతిసారీ నగరానికి ఇంకా పెద్ద స్టేడియం కావాలన్న మాట వినిపిస్తుంది. ఆ అభిమానుల నిరాశను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ దశాబ్దాలపాటు నిలవాల్సిన కట్టడాన్ని ఆ ఒక్క రోజు రద్దీని బట్టి నిర్ణయించడం సరికాదు. మిగతా రోజుల్లో ఆ గేట్లు ఎవరికోసం తెరుచుకుంటాయో ముందు తేలాలి.

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్బు సొంత మైదానంలో సీజన్‌కు ఆడే లీగ్ మ్యాచ్‌లు 19 మాత్రమే. అంత గిరాకీ ఉన్న చోట కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు గ్యాలరీలు ఖాళీయే. గిరాకీ లేని చోట ఏమవుతుందో బ్రెజిల్‌లోని మనౌస్ చూపించింది. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం అక్కడ 40 వేలకు పైగా సీట్లతో స్టేడియం కట్టారు. అందులో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లు నాలుగు. దేశ అగ్రశ్రేణి లీగ్‌లో ఆడే క్లబ్బు ఆ నగరానికి అప్పటికి ఒక్కటీ లేదు. ఆ సంగతి పునాదులు తవ్వకముందే అందరికీ తెలుసు.

అప్పుల కథ ఇంకా బాధాకరం. 1976 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం బాకీ తీర్చడానికి మాంట్రియల్‌కు 2006 దాకా పట్టింది. అదే 1976లో సియాటెల్‌లో ప్రారంభమైన కింగ్‌డోమ్‌ను 2000లో కూల్చేశారు. దాని అప్పు మాత్రం 2015 వరకూ తీరలేదు. అంటే కళ్ల ముందు లేని స్టేడియానికి అక్కడి ప్రభుత్వం 15 ఏళ్లు బాకీ కట్టింది. అట్లాంటాలో 1992లో తెరిచిన జార్జియా డోమ్ 25 ఏళ్లకే నేలమట్టమైంది. పాతబడిందన్న మాట ఎంత తొందరగా వస్తుందో చూడండి.

స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుంది, ఉద్యోగాలు వస్తాయన్నది ప్రతిచోటా వినిపించే వాదన. దశాబ్దాలుగా దీన్ని లెక్కగట్టి చూసిన ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది దీంతో ఏకీభవించలేదు. మ్యాచ్‌కు వెళ్లిన కుటుంబం ఆ డబ్బును మామూలుగా సినిమాకో, హోటల్‌కో, మరో సరదాకో ఖర్చు పెట్టేది. నగరంలో ఖర్చు పెరగలేదు, చోటు మారిందంతే. టికెట్ల రాబడిలో పెద్ద వాటా క్రీడాకారులకు, జట్టు యజమానులకు పోతుంది. అది ఆ నగరంలోనే ఖర్చవుతుందన్న హామీ లేదు. మ్యాచ్ రోజున దొరికే పనుల్లో చాలావరకు ఆ కొద్ది గంటలవే. లాభం ప్రైవేటుకు, నిర్వహణ భారం ప్రజలకు అన్న పద్ధతిని మేము ఒప్పుకోలేం.

అలాగని కొత్త నిర్మాణమే వద్దనడం లేదు. భద్రత విషయంలో రాజీ ఉండకూడదు. 1989లో ఇంగ్లాండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలిగొన్నాకే అక్కడి పెద్ద స్టేడియాల్లో అందరికీ సీట్లు ఉండాలన్న నియమం వచ్చింది. 2022లో ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు గ్యాలరీల్లోకి బాష్పవాయువు వదలడంతో జనం బయటికి వెళ్లే దారుల దగ్గర చిక్కుకుపోయి 135 మంది చనిపోయారు. తర్వాత ఆ స్టేడియాన్ని ముందుకంటే తక్కువ సీట్లతో తిరిగి కట్టారు. ప్రాణాలు కాపాడేవి విశాలమైన దారులు, తెరిచి ఉన్న గేట్లు, బాధ్యత తెలిసిన సిబ్బంది. వాటికి ఎంత ఖర్చైనా పెట్టాల్సిందే.

ఉన్నదాన్ని బాగుచేసుకుంటే ఎంతకాలం వస్తుందో బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కును చూస్తే తెలుస్తుంది. 1912లో తెరిచిన ఆ మైదానంలో ఇప్పటికీ బేస్‌బాల్ జరుగుతోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వాడిన వేదికల్లో దాదాపు 95 శాతం అప్పటికే ఉన్నవి, లేదా తాత్కాలికంగా వేసినవి. లండన్ మాత్రం 2012 ఒలింపిక్స్ స్టేడియం తర్వాత ఎవరికి ఉపయోగపడాలో ముందే గట్టిగా తేల్చుకోలేదు. చివరికి దాన్ని ఫుట్‌బాల్‌కు అనువుగా మార్చడానికే 30 కోట్ల పౌండ్లకు పైగా అయింది.

ఇంతకంటే మమ్మల్ని కలవరపెట్టేది మరొకటి ఉంది. చూసేవాళ్ల సీట్ల గురించి ఇంత చర్చ జరుగుతుంటే, ఆడేవాళ్ల స్థలం గురించి అడిగేవాళ్లు తక్కువ. ఖాళీ జాగాలు ఒక్కొక్కటే భవనాల కిందికి పోతున్నప్పుడు పిల్లలు ఎక్కడ ఆడాలి? ఒక పెద్ద స్టేడియం ఖర్చుతో ఎన్నో పేటల్లో చదునైన మైదానం, లైట్లు, మరుగుదొడ్లు, ఆడపిల్లలు టెన్షన్ లేకుండా వచ్చి ఆడే వాతావరణం, జీతమిచ్చి పెట్టుకున్న కోచ్ సాధ్యమవుతాయి. రేపు ఆ స్టేడియంలో ఆడాల్సినవాళ్లు తయారయ్యేది అక్కడే. నగరపాలకులు ముందు డబ్బు పెట్టాల్సింది ఈ మైదానాలకే.

ఆ తర్వాత కూడా పెద్ద స్టేడియం అవసరమని తేలితే, ప్రజల సొమ్ము ఇచ్చే ముందు షరతులు కాగితం మీదికి రావాలి. నిర్మాణ ఖర్చు అంచనా దాటితే ఎవరు భరిస్తారు, ఏటా నిర్వహణకు ఎంతవుతుంది, బడిపిల్లలకూ స్థానిక జట్లకూ ఎన్ని రోజులు ఉచితంగా తెరుస్తారు, జట్టు మధ్యలో వెళ్లిపోతే మిగిలిన అప్పు ఎవరిది అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఆ ఒప్పందం మొత్తాన్ని ప్రజల ముందు పెట్టి, వారి అభ్యంతరాలు విన్నాకే శంకుస్థాపన జరగాలి.