మహారాజశ్రీ సెట్ గారికి

మహారాజశ్రీ ఇంగ్లీషు మాట సెట్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. కుశలం తమరికే, మాకు కాదు. రంపం వాడే పద్ధతి చెప్పే నాలుగు వాక్యాలు తెలుగు చెయ్యడానికి కూర్చుంటే మధ్యాహ్నమంతా తమరి సేవకే సరిపోయింది.

మొదటి వాక్యంలో తమరంటే మూడు రంపాల జట్టు. రెండోదాంట్లో పళ్ల వంపు: ఒక పన్ను కుడికి, పక్కది ఎడమకి. అలా వంచితేనే కోత రేకు మందం కన్నా వెడల్పుగా పడుతుంది, లేదంటే రంపం చెక్కలో ఇరుక్కుంటుంది. వంచేది పన్ను పై సగాన్నే. మొదలుదాకా వంచితే విరుగుతుంది. మూడోదాంట్లో పిడికి పూసిన జిగురు బిగుసుకోవడం, నాలుగోదాంట్లో పనయ్యాక పక్కన పెట్టడం.

సిమెంటు దగ్గర తమరు మరీ ప్రమాదం. అక్కడ తమరు వచ్చారంటే ముద్ద మెత్తదనం పోయిందని మాత్రమే. బలం రావడం వేరు, దానికి రోజులు కావాలి. రెండింటికీ 'గట్టిపడింది' అని రాస్తే చదివినవాడు మర్నాడే సెంట్రింగ్ ఊడదీస్తాడు.

సూర్యుడు దిగినా తమరే, ప్రయాణానికి బయలుదేరినా తమరే. నిన్న చేసిన పనికీ ఇవాళ చేసేదానికీ రూపం ఒక్కటే. గణితంవాళ్లు గడుసువాళ్లు, 'సమితి' అని పేరు పెట్టి తలుపేసుకున్నారు.

ఇదంతా ఒక్కరి నిర్వాకమైతే భరించేవాణ్ణి. కానీ నువ్వు ఒక్కడివి కాదు, ఇద్దరు! 'పెట్టు' అనే క్రియవి పాత ఇంగ్లీషు 'సెట్టన్' నుంచి వచ్చావు. 'జట్టు' అనే నామవాచకానివి లాటిన్ 'సెక్టా' నుంచి పాత ఫ్రెంచి మీదుగా దిగావు. పుట్టుక వేరు, ఊరు వేరు, తొడుక్కున్న చొక్కా ఒక్కటే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 కూర్పులో క్రియ ఒక్కదానికే 430 అర్థాలు, 60,000 మాటల వివరణ. నామవాచకం లెక్క మళ్లీ వేరే! ఆ తర్వాత 'రన్' నిన్ను దాటేసిందట. మంచి పని చేసింది.

కోపంతో నీ కులగోత్రాలు ఇంకా తవ్వితే ఏం తేలిందో తెలుసా? క్రియవి మన సంస్కృతంలో 'కూర్చోవడం' అనే అర్థమున్న 'సద్' ధాతువుకి జ్ఞాతివి, అంటే సదస్సుకీ ఉపనిషత్తుకీ బంధువువి. సెక్టాకి మూలమైన 'వెంట నడవడం' సంస్కృతంలో 'సచ్', సచివుడి ఇంటివాడు. సదస్సు, సచివుడు! ఇంత దగ్గరివాళ్లని తెలిశాక గెంటెయ్యడానికి చెయ్యి రాదు.

సరే, ఉండండి ఇద్దరూ. రంపం పళ్ల దగ్గర మాత్రం 'వంపు' అని రాసేశాను. అక్కడికి రాకండి.

ఇట్లు,
ఇంకా మూడు వాక్యాలు మిగిలిన అనువాదకుడు