విజయవాడ ఎండ చూసినవాళ్లకి పారిస్ ఎండ ఎందుకు తగులుతుంది?

నలభై నాలుగు డిగ్రీల్లో పెళ్లిళ్లు చేసుకునే జనం మనం, పారిస్‌లో ముప్పై ఆరు ఉంటే అదో లెక్కా అనుకుంటూ జూలైలో విమానం ఎక్కేవాళ్లు చాలామందే ఉంటారు. థర్మామీటర్ వరకే చూస్తే ఆ ధీమాలో తప్పేం లేదు. కానీ విజయవాడలోనో వరంగల్‌లోనో మనం మే నెల గట్టెక్కేది ఒంటి బలంతోనే కాదు కదా. నెత్తిన తిరిగే ఫ్యాను, వీలైతే ఒక గదిలో ఏసీ, చల్లటి గచ్చు, పదకొండు దాటాక పనుంటే తప్ప గడప దాటని అలవాటు, రెండు పూటలా స్నానం, కుండలో నీళ్లు, మజ్జిగ. ఇవన్నీ ఇంటి దగ్గర వదిలేసి వెళ్లి, మిట్టమధ్యాహ్నం ఈఫిల్ టవర్ కింద క్యూలో నిలబడి, ఇక్కడి ఎండేంటి ఇంత దారుణంగా ఉంది అని ఆశ్చర్యపోతాం.

ముందు ఆ ఊరి కట్టుబడి చూడండి. 19వ శతాబ్దంలో మూడో నెపోలియన్ హయాంలో ఓస్మాన్ అనే అధికారి పారిస్‌ని సగం కూల్చి మళ్లీ కట్టించాడు. ఇప్పుడు మనం ఫోటోల్లో చూసి ముచ్చటపడే ఆ బూడిద రంగు పైకప్పులు ఎక్కువగా ఆ కాలం తెచ్చినవే, అవి జింకు రేకులు. ఆ రేకులు వేసే పనివాళ్ల నైపుణ్యాన్ని 2024 డిసెంబర్‌లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. అందం మాటెలా ఉన్నా, ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద కాపురం ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రేకుల కిందే చిన్న చిన్న గదులుంటాయి, ఒకప్పుడు పనిమనుషుల కోసం కట్టినవి. ఇప్పుడు తక్కువ అద్దెకి విద్యార్థులు దిగేది వాటిలోనే, పాత భవనాల్లోని చవక హోటళ్లలో చివరి అంతస్తు గదులూ ఆ బాపతే. పగలంతా కాగిన రేకు, రాతి గోడ ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతాయి. సీలింగ్ ఫ్యాను ఉండటమే అరుదు. ఏసీ పెట్టించుకుందామంటే గోడ బయట యూనిట్ తగిలించడానికి భవనంలోని మిగతా యజమానులు ఒప్పుకోవాలి, నగరపాలక సంస్థ అనుమతివ్వాలి. చాలామంది ఆ తలనొప్పి పెట్టుకోరు.

దీని ఖరీదు ఎంతో 2003 ఆగస్టులో తెలిసింది. ఆ వడగాడ్పులకి ఫ్రాన్స్‌లో మామూలు కంటే సుమారు 15 వేల మంది అదనంగా చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, అందులో చాలామంది ఒంటరిగా ఉన్నవాళ్లు. పిల్లలు సెలవులకి సముద్ర తీరాలకి వెళ్లారు, డాక్టర్లూ సెలవుల్లోనే ఉన్నారు, పారిస్‌లో రాత్రిపూట కూడా ఉష్ణోగ్రత పాతిక దగ్గరే ఆగిపోయింది. పగలు ఎంత కాచినా రాత్రి కాస్త చల్లబడితే ఒళ్లు కోలుకుంటుంది, ఆ అవకాశమే లేకుండా పోయింది. ఆ దెబ్బతో ప్రభుత్వం హెచ్చరికల వ్యవస్థ పెట్టింది, ఒంటరి వృద్ధుల పేర్లు నమోదు చేసుకుని ఫోన్లు చేసి బాగోగులు కనుక్కునే ఏర్పాటు చేసింది. (మన దగ్గర వడదెబ్బ మృతుల లెక్కే సరిగ్గా తేలదు, ఆ గొడవ ఇంకోసారి మాట్లాడుకుందాం.) తర్వాత 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. అంటే ముప్పై ఆరు మీద కూడా మనం ధీమాగా ఉండటానికి లేదు.

ఇంత జరిగినా ఏసీ అంటే అక్కడ సగం మందికి పడదు. వీధిలోకి వేడి వదులుతుందని, కరెంటు దండగని ఒక వర్గం, జనం మాడిపోతుంటే ఈ నీతులేంటని ఇంకో వర్గం. 2025 వేసవిలో జాతీయవాద ప్రతిపక్ష నాయకురాలు మరీన్ లె పెన్ ఆస్పత్రులకి, బడులకి భారీగా ఏసీలు పెట్టాలని డిమాండ్ చేసేసరికి అది పూర్తిగా పార్టీల కొట్లాట అయిపోయింది. 2024 ఒలింపిక్స్‌లో క్రీడాకారుల గదులకి మామూలు ఏసీలు లేకుండానే, నేల కింద చల్లటి నీళ్లు పారించే పద్ధతిలో కట్టారు. చాలా దేశాలు తమ ఏసీలు తామే తెచ్చుకున్నాయి, మన క్రీడా శాఖ కూడా మనవాళ్ల గదులకి 40 పోర్టబుల్ ఏసీలు ఏర్పాటు చేసింది. ఏసీ ఉన్నచోట కూడా గది 26 డిగ్రీలు దాటితేనే చల్లబరచాలని ఫ్రాన్స్ నిబంధన ఉంది. రిమోట్ మీద 18 నొక్కి దుప్పటి కప్పుకునే మనకి ఇది మింగుడుపడటం కష్టమే.

నా లెక్కలో అసలు చిక్కు గడియారంతో వస్తుంది, దీని గురించి టూర్ బ్రోచర్లలో ఒక్క ముక్క ఉండదు. పారిస్ లండన్‌కి దక్షిణాన, కాస్త తూర్పుకి మాత్రమే జరిగి ఉంది, కానీ 1940లో జర్మనీ ఆక్రమించినప్పుడు గడియారాన్ని బెర్లిన్ సమయానికి మార్చారు, యుద్ధం అయ్యాక వెనక్కి తిప్పలేదు. దానిమీద వేసవిలో ఇంకో గంట ముందుకి జరుపుతారు. ఫలితంగా జూలైలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం దాదాపు రెండింటికి. వేడి బాగా ముదిరేది సాయంత్రం నాలుగుకీ ఆరుకీ మధ్య. జూన్ చివర్లో పొద్దుగూకేది దాదాపు పదింటికి. మనవాళ్లేం చేస్తారంటే, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి, నాలుగయింది కదా ఎండ తగ్గుంటుందిలే అని పిల్లల్నీ పెద్దల్నీ వెంటేసుకుని సరిగ్గా కొలిమిలాంటి టైముకి బయటపడతారు. మనూళ్లో పనికొచ్చే అంచనా అక్కడ రెండు గంటలు తేడా కొడుతుంది.

ప్యాకేజీ టూర్లు దీన్ని ఇంకా పాడుచేస్తాయి. హోటల్‌లో ఫలహారం తొమ్మిదింటికి ముగించి, బస్సు పది దాటాక కదిలి, పదకొండుకి లూవ్ర్ మ్యూజియం, రెండున్నరకి ఈఫిల్ టవర్. లూవ్ర్ ముందున్న ఆ గాజు పిరమిడ్ కింద ఎండాకాలంలో ఉడికిపోతారు. 2025 జనవరిలో బయటికొచ్చిన లేఖలో ఆ మ్యూజియం అధ్యక్షురాలే ఈ సంగతి సాంస్కృతిక మంత్రికి మొరపెట్టుకున్నారు. అదే ఏడాది జూలై మొదట్లో ఎండ దెబ్బకి ఈఫిల్ టవర్ శిఖరాన్ని రెండు రోజులు మూసేశారు, దేశంలో వెయ్యికి పైగా బడులు పూర్తిగానో పాక్షికంగానో మూతపడ్డాయి. వేల మైళ్లు ప్రయాణం చేసి వచ్చాం కదా అని టవర్ మనకోసం తెరవరు. అసలు రోజుని తిరగేస్తే సగం బాధ పోతుంది. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, ఓర్సే మ్యూజియం గురువారం దాదాపు పది దాకా. వెలుతురు ఎలాగూ తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, నది గట్టున నడకకి ఆ టైమే బాగుంటుంది. పొద్దున్నే ఏడింటికి మోమార్త్ర్ కొండ మెట్లెక్కితే అక్కడ పావురాలూ, చెత్త బండ్ల వాళ్లూ తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. రెండు నుంచి ఆరు వరకు ఏదో ఒక పెద్ద రాతి చర్చిలో కూర్చోండి, సేన్ సుల్పీస్ లాంటివి లోపల గుహలా చల్లగా ఉంటాయి, టికెట్ కూడా లేదు.

నీళ్ల విషయంలో మాత్రం ఆ ఊరిని మెచ్చుకోవాలి. ముదురాకుపచ్చ పోత ఇనుముతో, నలుగురు స్త్రీమూర్తులు కప్పు మోస్తున్నట్టుండే కొళాయిలు ఊరంతా కనిపిస్తాయి. జర్మన్లతో జరిగిన 1870-71 యుద్ధంలో, ఆ తర్వాతి అల్లర్లలో నీటి సరఫరా దెబ్బతింటే రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లిష్ ధనవంతుడు 1872లో సొంత డబ్బుతో పెట్టించిన చలివేంద్రాలవి. నీళ్లు శుభ్రంగా తాగొచ్చు. అయినా మనవాళ్లు ఈఫిల్ టవర్ దగ్గర సీసా కొని, ఆ రేటుని రూపాయల్లోకి మార్చుకుని రోజంతా బాధపడుతుంటారు. హోటల్లో భోజనానికి కూర్చుంటే జగ్గుతో మామూలు నీళ్లు అడగండి, డబ్బులు తీసుకోరు. సెన్ నదిలో ఈతకి 1923 నుంచి ఉన్న నిషేధాన్ని కూడా 2025 జూలైలో ఎత్తేసి మూడు చోట్ల జనాన్ని దిగనిచ్చారు. శుద్ధికి 140 కోట్ల యూరోలు ఖర్చయింది, వాన పడితే మాత్రం ఇప్పటికీ మూసేస్తారు. మూసీ గురించి హైదరాబాద్‌లో వినే ప్రసంగాల పక్కన ఈ అంకెని ఒకసారి పెట్టి చూసుకోవచ్చు.

ఆగస్టులో ఇంకో సమస్య, ఊరివాళ్లే ఊళ్లో ఉండరు. 1936లో రెండు వారాల జీతంతో సెలవు చట్టం వచ్చింది, అది పెరిగి పెరిగి అయిదు వారాలైంది. చిన్న హోటళ్లు, కూరగాయల కొట్లు షట్టర్ దించి, ఫలానా తేదీకి వస్తామని కాగితం అంటించి వెళ్లిపోతాయి. బేకరీలన్నీ ఒకేసారి మూతపడకుండా ఒకప్పుడు వంతులేసేవాళ్లు, ఇప్పుడు ఆ నియమం కూడా లేదు. అయితే లా షపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల కొట్లూ టిఫిన్ హోటళ్లూ ఉంటాయి, దోసె, పెరుగన్నం మీద బెంగ పెట్టుకోనక్కర్లేదు. చవితి దగ్గర్లో ఆగస్టు చివరనో సెప్టెంబర్ మొదట్లోనో అక్కడి వినాయకుడి గుడి నుంచి రథం లాగుతారు, నడిరోడ్డు మీద కొబ్బరికాయలు గుట్టలుగా కొడతారు. కుదిరితే అది చూడండి.

ఇన్ని తిప్పలు ఎందుకు అంటారా, మే నెలలో వెళ్లండి. మన బడులకి ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులే, ఆ రోజుల్లో పారిస్‌లో పగలు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ మనం పరీక్షలు అయ్యాక మొదలుపెట్టి జూలైలోకి జారిపోతాం. జూలై తప్పదంటే అడ్వాన్స్ కట్టేముందు ఒక్కటే అడగండి: బ్రోచర్‌లో పెద్దక్షరాలతో ఏసీ బస్సు అని వేశారు కదా, మరి మేం పడుకునే గదిలో ఏసీ ఉందా? దానికి జవాబు నోటిమాటగా కాదు, రాతలో తీసుకోండి.